తిరిగే క్షేత్ర అయస్కాంతాలు: విద్యుత్ జనరేటర్లలో రోటర్ నిర్మాణం

విద్యుత్ జనరేటర్‌లో అయస్కాంత క్షేత్రాన్ని కలిగించే భాగం క్షేత్ర అయస్కాంతం. ఇనుము చుట్టూ రాగి తీగ చుట్టి, అందులోకి డి.సి. కరెంటు పంపితే అది విద్యుదయస్కాంతం అవుతుంది. నేటి విద్యుత్ కేంద్రాల్లోని ఏ.సి. జనరేటర్లలో దాదాపు అన్నిటిలోనూ ఈ అయస్కాంతమే తిరుగుతుంది. కరెంటు పుట్టే ఆర్మేచర్ వైండింగ్ దాని చుట్టూ కదలకుండా ఉంటుంది. తిరిగేదాన్ని రోటర్ అని, నిలిచి ఉండేదాన్ని స్టేటర్ అని, రెండిటి నడుమ ఖాళీని ఎయిర్ గ్యాప్ అని అంటారు.

అయస్కాంతంగా చూస్తే రోటర్ చాలా సులువైన వస్తువు. బడిలో మేకుకు తీగ చుట్టి చేసే ప్రయోగంలో ఉన్న సూత్రానికి మించి ఇందులో ఏమీ లేదు. కష్టమంతా అది తిరగడంలో ఉంది. బొగ్గుతో నడిచే 500 మెగావాట్ల యూనిట్‌లో రోటర్ వ్యాసం సుమారు 1.15 మీటర్లు, వేగం నిమిషానికి 3000 చుట్లు. ఆ లెక్కన దాని ఉపరితలం సెకనుకు 180 మీటర్లు, అంటే గంటకు 650 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఆ అంచున ఉన్న ప్రతి వస్తువు మీదా భూమ్యాకర్షణకు సుమారు 5,800 రెట్ల అపకేంద్ర బలం పనిచేస్తుంది. అక్కడ ఒక కిలో రాగి 5.8 టన్నుల బరువుతో బయటికి తోసుకొస్తుంది. అందుకే రోటర్ నిర్మాణాన్ని అర్థం చేసుకోవాలంటే దగ్గరి దారి ఒకటుంది: ప్రతి భాగం దగ్గరా ఆగి, ఇది ఎగిరిపోకుండా దీన్ని ఏది పట్టుకుంది అని అడగడం. రోటర్ ఆకారంలో చాలా భాగాన్ని నిర్ణయించింది ఆ ప్రశ్నకు దొరికిన జవాబులే.

అయస్కాంతాన్నే ఎందుకు తిప్పాలి

క్షేత్రం నిలిచి ఆర్మేచర్ తిరిగినా కరెంటు పుడుతుంది. తొలినాళ్ల డి.సి. డైనమోలు అలాగే పనిచేశాయి. 1884లో చార్లెస్ పార్సన్స్ తన ఆవిరి టర్బైన్‌కు తగిలించిన, నిమిషానికి 18,000 చుట్లు తిరిగిన చిన్న డైనమోలో కూడా తిరిగింది ఆర్మేచరే. శక్తి పెరిగేకొద్దీ ఆ ఏర్పాటు సాగలేదు. కారణం తెలియాలంటే పైన చెప్పిన 500 మెగావాట్ల జనరేటర్‌లోని అంకెలే చాలు. దాని స్టేటర్‌లో 21,000 వోల్టుల దగ్గర సుమారు 16,000 ఆంపియర్లు ప్రవహిస్తాయి. రోటర్‌కు కావలసింది 340 వోల్టులు, 4,000 ఆంపియర్ల పైచిలుకు. లెక్క వేస్తే అది 1.4 మెగావాట్లకు మించదు. తిరిగే భాగానికీ నిలిచిన భాగానికీ మధ్య కరెంటును దాటించాల్సి వచ్చినప్పుడు 500 మెగావాట్లను దాటించడం మేలా, 1.4 మెగావాట్లను దాటించడం మేలా అన్న ప్రశ్నకు రెండో ఆలోచన అక్కర్లేదు. హై వోల్టేజి ఇన్సులేషన్ మందంగా ఉంటుంది, యాంత్రికంగా బలహీనం. దాన్ని వేల రెట్ల అపకేంద్ర బలానికి గురిచేయకుండా కదలని చోట ఉంచడం మరో లాభం.

తొలి రూపాలు

1891లో జర్మనీలోని లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్ల దూరం మూడు ఫేజుల విద్యుత్తును పంపి చూపించారు. లౌఫెన్‌లో నీటితో తిరిగిన జనరేటర్‌ను ఓర్లికాన్ కంపెనీలో చార్లెస్ బ్రౌన్ రూపొందించాడు. నిమిషానికి 150 చుట్లు, 32 ధ్రువాలు, 40 హెర్ట్జ్. ముప్పై రెండు ధ్రువాలకు ముప్పై రెండు కాయిళ్లు చుట్టకుండా, షాఫ్ట్ చుట్టూ ఒకే ఒక వలయాకారపు కాయిల్ పెట్టి, దానికి రెండు వైపుల నుంచీ ఇనుప గోళ్లలాంటి ధ్రువాలను వంచి, ఒకదాని సందులో ఒకటి వచ్చేలా అమర్చాడు. ఒక పక్క గోళ్లన్నీ ఉత్తర ధ్రువాలు, రెండో పక్కవన్నీ దక్షిణ ధ్రువాలు. కాయిల్ షాఫ్ట్‌ను అంటిపెట్టుకుని లోపల ఉంటుంది కాబట్టి ఎగిరిపోతుందన్న భయం తక్కువ. ఈ క్లా పోల్ నిర్మాణం పెద్ద యంత్రాల్లో నిలవలేదు గానీ, ఇవాళ రోడ్డు మీద పోయే దాదాపు ప్రతి పెట్రోలు, డీజిల్ కారులో బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ రోటర్ ఇదే.

1895లో నయాగరా జలపాతం దగ్గర మొదలైన విద్యుత్ కేంద్రంలో మరో పద్ధతి అనుసరించారు. 5,000 హార్స్‌పవర్ల వెస్టింగ్‌హౌస్ జనరేటర్లలో ఆర్మేచర్ మధ్యలో కదలకుండా ఉండేది. దాన్ని కప్పుతూ బయట ఒక పెద్ద ఉక్కు వలయం తిరిగేది. ఆ వలయం లోపలి ముఖాన 12 ధ్రువాలను బిగించారు. 250 చుట్ల వేగంతో 25 హెర్ట్జ్ వచ్చేది. ధ్రువాలు వలయానికి లోపలి వైపున ఉండటంతో అపకేంద్ర బలం వాటిని వలయానికే అదిమి పెడుతుంది. ఊడి వచ్చే దారే లేదు. పైగా బరువంతా బయటి అంచున ఉండటంతో అది ఫ్లైవీల్‌గానూ పనికొచ్చింది. ఎంతో తెలివైన ఏర్పాటు. కానీ ఆ వలయాన్ని అతుకు లేకుండా నికెల్ ఉక్కుతో ఒకే ముక్కగా సాగగొట్టాల్సి వచ్చింది. యంత్రాలు ఇంకా పెద్దవైతే అలాంటి వలయాన్ని తయారుచేయడం, తరలించడం రెండూ కష్టమే.

మూడో మలుపు కూడా బ్రౌన్‌దే. ఆవిరి టర్బైన్ల వేగానికి పొడుచుకొచ్చిన ధ్రువాలు తట్టుకోలేవని గ్రహించి, 1901లో నున్నటి స్తూపంలాంటి ఉక్కు రోటర్‌లో గాళ్లు తొలిచి, వాటిలో కాయిళ్లను దించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. నేటి థర్మల్, అణు విద్యుత్ కేంద్రాలన్నిటిలో తిరుగుతున్నది ఆ రోటర్ వారసులే.

వేగం, ధ్రువాల లెక్క

ధ్రువాల సంఖ్యను వేగంతో గుణించి 120తో భాగిస్తే ఫ్రీక్వెన్సీ వస్తుంది. మన దేశంలో ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కాబట్టి రెండు ధ్రువాల రోటర్ 3000 చుట్లు, నాలుగు ధ్రువాలది 1500 చుట్లు తిరగాలి. ఆవిరి టర్బైన్‌కు వేగమే బలం. అందువల్ల అక్కడ రెండు, లేదా నాలుగు ధ్రువాలతో సరిపెడతారు. నీటి టర్బైన్ నెమ్మదిగా తిరుగుతుంది, ధ్రువాలు డజన్ల కొద్దీ కావాలి. చైనాలోని త్రీ గోర్జెస్ యంత్రాల్లో ఎక్కువ భాగం 75 చుట్ల వేగంతో 80 ధ్రువాలను మోస్తాయి. బ్రెజిల్, పరాగ్వేల సరిహద్దులో పరానా నది మీద ఉన్న ఇతాయ్‌పు కేంద్రం ఈ లెక్కకు మంచి ఉదాహరణ. అక్కడ ఒకే ఆనకట్ట కింద, ఒకే ఎత్తు నుంచి పడే నీటితో 700 మెగావాట్ల యూనిట్లు 20 నడుస్తాయి. పరాగ్వే కోసం కట్టిన పదీ 50 హెర్ట్జ్, బ్రెజిల్ కోసం కట్టిన పదీ 60 హెర్ట్జ్. మొదటి రకానికి 66 ధ్రువాలు, 90.9 చుట్లు. రెండో రకానికి 78 ధ్రువాలు, 92.3 చుట్లు. టర్బైన్‌కు నచ్చే వేగం ఇంచుమించు ఒకటే కాబట్టి తేడానంతా ధ్రువాల సంఖ్య భరించింది.

సేలియెంట్ పోల్ రోటర్

జల విద్యుత్ కేంద్రంలో రోటర్ అంటే నిలువు షాఫ్ట్ మీద కూర్చున్న పెద్ద చక్రం. చక్రం అంచు చుట్టూ ధ్రువాలు ఒకదాని పక్కన ఒకటి పొడుచుకుని ఉంటాయి. అందుకే సేలియెంట్ పోల్ అన్న పేరు వచ్చింది. షాఫ్ట్‌కు బిగించిన ఉక్కు చేతుల చట్రం స్పైడర్. స్పైడర్ చుట్టూ ఉండే మందపాటి వలయం రిమ్. ధ్రువాలను నిజంగా పట్టుకునేది రిమ్మే. స్పైడర్ పని దాన్ని నడిమధ్యన నిలిపి, టార్క్ అందించడం వరకే.

రిమ్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇందులో ప్రవహించే అయస్కాంత అభివాహం దిశ మారదు, కాబట్టి లోహంలో సుడులుగా పుట్టే ఎడ్డీ కరెంట్ల బెడద లేదు, మొత్తం ఒకే ఉక్కు దిమ్మ అయినా అయస్కాంతానికి అభ్యంతరం లేదు. అయినా పెద్ద యంత్రాల్లో రిమ్‌ను కొద్ది మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పలకలతోనే పేరుస్తారు. కారణం పూర్తిగా యాంత్రికం. పది, పదిహేను మీటర్ల వ్యాసం ఉన్న వలయాన్ని ఒకే ముక్కగా చేయగల ఫోర్జింగ్ కార్ఖానా లేదు. చేసినా తీసుకెళ్లే రోడ్డు లేదు. అందుకని వలయంలో కొంత భాగానికి సరిపడే ముక్కలుగా పలకలను కోసి, ఒక వరుసలోని అతుకు మీద పై వరుసలోని నిండు పలక వచ్చేలా జరుపుతూ, వందల వరుసలు పేర్చి, పై నుంచి కింది దాకా పొడవాటి బోల్టులు వేసి బిగిస్తారు. ఈ పని విద్యుత్ కేంద్రంలోనే జరుగుతుంది. కొంత ఎత్తు పేర్చాక జాకీలతో అదిమి, మళ్లీ పేర్చి, మళ్లీ అదుముతారు. పలకల నడుమ రాపిడీ, బోల్టుల కోత బలమూ కలిసి ఆ ముక్కలన్నిటినీ ఒకే వలయంలా నిలబెడతాయి.

తిరిగేటప్పుడు రిమ్ సాగుతుంది. సాగితే స్పైడర్ మీద పట్టు వదులవుతుంది, వదులైతే పక్కకు జరిగి ఎయిర్ గ్యాప్ చెడుతుంది. దీనికి విరుగుడుగా రిమ్‌ను ముందే వేడిచేసి వ్యాకోచింపజేసి, దానికీ స్పైడర్‌కూ మధ్య లెక్కకట్టిన మందంలో కీలు దించి, చల్లారనిస్తారు. చల్లారిన రిమ్ స్పైడర్‌ను గట్టిగా పిండి పట్టుకుంటుంది. ఆ బిగువు మామూలు వేగానికి మించి కొంతవరకు నిలిచేలా లెక్క వేస్తారు.

నీటి యంత్రానికి అసలు పరీక్ష రన్‌అవే. లోడు ఒక్కసారిగా పోయి, గేట్లు కూడా మూసుకోకపోతే టర్బైన్ వేగం పెరుగుతూ పోయి ఒక చోట ఆగుతుంది. ఫ్రాన్సిస్ టర్బైన్‌లో అది మామూలు వేగానికి 1.6 నుంచి 2 రెట్ల దాకా ఉండవచ్చు, కప్లాన్‌లో రెండున్నర రెట్లు కూడా దాటవచ్చు. అపకేంద్ర బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ధ్రువాన్ని పట్టుకున్న కొక్కెం మీద భారం నాలుగు రెట్లు. మామూలు వేగంలో నింపాదిగా కనిపించే జల రోటర్ భాగాలు అంత లావుగా ఉండటానికి కారణం ఇదే.

ఒక్కో ధ్రువం ఇలా ఉంటుంది. ఒకటి, రెండు మిల్లీమీటర్ల ఉక్కు రేకులను పేర్చి, రెండు చివరలా మందపాటి ఎండ్ ప్లేట్లు పెట్టి, రివెట్లు లేదా బోల్టులతో బిగిస్తారు. ఇక్కడ రేకులు వాడటానికి అయస్కాంత కారణమే ఉంది: స్టేటర్ గాళ్ల ముందు నుంచి పోతున్నప్పుడు ధ్రువం ముఖం మీద అభివాహం చిన్నచిన్నగా అల్లాడుతుంది, రేకులు ఆ నష్టాన్ని తగ్గిస్తాయి. ధ్రువం మూలం టి ఆకారంలోనో డవ్‌టెయిల్ ఆకారంలోనో ఉండి రిమ్‌లోని గాడిలోకి దిగుతుంది. దాని పక్కన జంటగా టేపర్ కీలు కొడతారు. ధ్రువాన్ని తీయాల్సి వస్తే కీలు లాగేసి, క్రేన్‌తో నిలువుగా పైకెత్తేస్తారు. రోటర్ మొత్తాన్ని బయటికి తీయనక్కర్లేదు.

కాయిల్ రాగి పట్టీతో చేస్తారు. పట్టీని వెడల్పు వైపు కాక అంచు వైపు వంచి చుడతారు కనుక ప్రతి చుట్టూ అంచు గాలికి తగులుతూ చల్లబడుతుంది. కొన్ని చుట్లను కాస్త వెడల్పుగా ఉంచి రెక్కలుగా పనిచేసేలా చేస్తారు. చుట్టుకూ చుట్టుకూ మధ్య, కాయిల్‌కూ ఇనుముకూ మధ్య ఎపాక్సీ కలిపిన గాజుపీచు, అరామిడ్ కాగితం వంటి ఇన్సులేషన్ ఉంటుంది. కాయిల్‌ను బయటికి పోనివ్వకుండా ఆపేది ధ్రువం ముఖానికి ఇరువైపులా ఉన్న అంచులు. కానీ కాయిల్ పక్క భాగాలు వ్యాసార్థానికి సరిగ్గా సమాంతరంగా ఉండవు, బలంలో కొంత పక్కకు తోస్తుంది. పొడవైన, వేగం ఎక్కువైన ధ్రువాల్లో కాయిల్ మధ్యలో ఉబ్బకుండా పక్కపక్క ధ్రువాల నడుమ వి ఆకారపు బ్లాకులు బిగిస్తారు. ఒక ధ్రువం నుంచి పక్క ధ్రువానికి పోయే కనెక్షన్లు పల్చటి రాగి రేకులను కలిపి, వంగేలా చేస్తారు. బిరుసుగా చేస్తే వేగం మారినప్పుడల్లా వంగి వంగి చివరికి విరుగుతాయి. పరిమాణంలో ఇవి చాలా చిన్నవే గానీ, జల రోటర్లలో తనిఖీ చేసేవాళ్లు మొదట కళ్లు పెట్టేది వీటి మీదే.

ధ్రువం ముఖంలో రంధ్రాలు చేసి రాగి కడ్డీలు దూర్చి, రెండు చివరలా వలయాలతో కలుపుతారు. ఇది డ్యాంపర్ వైండింగ్. లోడు మారినప్పుడు రోటర్ ఊగిసలాటను ఇది అణచివేస్తుంది. రిమ్ కింది ముఖాన బ్రేక్ ట్రాక్ ఉంటుంది. యంత్రాన్ని ఆపేటప్పుడు వేగం బాగా తగ్గాక కింది నుంచి బ్రేక్ దిమ్మలు దాన్ని అదుముతాయి. అవే దిమ్మలు అధిక పీడనపు నూనెతో జాకీలుగా మారి రోటర్ మొత్తాన్ని కొద్దిగా పైకెత్తగలవు.

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఏడు రివర్సిబుల్ యూనిట్లలోనూ, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు యూనిట్లలోనూ రోటర్‌కు ఇంకో బాధ్యత ఉంది. పగలు ఒక దిశలో తిరిగి కరెంటు ఇస్తుంది, నీటిని వెనక్కి తోడేటప్పుడు ఎదురు దిశలో మోటారుగా తిరుగుతుంది. ఇలాంటి యంత్రాల్లో రోటర్ ఫ్యాన్ రెక్కలు ఏ దిశలో తిరిగినా గాలిని ఒకేలా తోసేలా ఉండాలి. పదేపదే స్టార్ట్ కావడం, ఆగడం, దిశ మారడం వల్ల కీలు, కనెక్షన్లు, కాయిల్ ఆధారాలు మామూలు యంత్రంలో కన్నా త్వరగా అలసిపోతాయి.

టర్బో రోటర్

సన్నగా, పొడుగ్గా, అడ్డంగా పడుకుని ఉండే టర్బో రోటర్‌లో షాఫ్టూ అయస్కాంతమూ ఒకే ఉక్కు ముక్క. 3000 చుట్ల దగ్గర దాని వ్యాసం 1.25 మీటర్ల చుట్టుపక్కలే ఆగిపోతుంది. మరీ పెద్దదిగా చేస్తే అంచు దగ్గర ఒత్తిడి ఉక్కు తట్టుకునే హద్దును చేరుతుంది. అందుకని శక్తి పెంచాలంటే పొడవు పెంచాలి, అదీ హద్దు చేరాక కరెంటు పెంచి, ఆ వేడిని లాగేసే ఉపాయం చూడాలి. అణు విద్యుత్ కేంద్రాల్లో చాలావాటిలో నాలుగు ధ్రువాల 1500 చుట్ల రోటర్లు ఉంటాయి. వేగం సగమే కాబట్టి వ్యాసం 1.8 మీటర్లు దాటినా ఉక్కు భరిస్తుంది. తమిళనాడులోని కూడంకుళం 1000 మెగావాట్ల యూనిట్లు మాత్రం 3000 చుట్లతోనే నడుస్తాయి.

నికెల్, క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం కలిసిన ఉక్కును వాక్యూమ్‌లో పోత పోస్తారు. అలా పోయకపోతే ఉక్కులో కరిగి ఉన్న హైడ్రోజన్ లోపల సన్నటి పగుళ్లు పుట్టిస్తుంది. 1950ల మధ్యలో అమెరికాలో కొన్ని పెద్ద రోటర్ ఫోర్జింగులు పగిలిన తర్వాత వాక్యూమ్ పద్ధతి తప్పనిసరి అలవాటైంది. చల్లబడే దిమ్మలో మలినాలు చివరికి నడిమధ్యకు చేరతాయి. అపకేంద్ర బలం వల్ల పుట్టే ఒత్తిడీ నడిమధ్యనే ఎక్కువ. అందుకని పాతకాలపు రోటర్లలో పొడవునా మధ్యలో రంధ్రం తొలిచి ఆ చెడు భాగాన్ని తీసేసేవాళ్లు, ఆ రంధ్రంలోంచే లోపలి లోహాన్ని పరీక్షించేవాళ్లు. శుద్ధమైన ఉక్కు, మంచి అల్ట్రాసోనిక్ పరీక్ష వచ్చాక రంధ్రం లేకుండానే చేయడం మొదలైంది. మధ్యలో రంధ్రం ఉంటే దాని అంచున ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి ఇది పెద్ద లాభం. ఈ స్థాయి దిమ్మలను పోయగల కార్ఖానాలు ప్రపంచంలో కొన్నే. జపాన్‌లోని మురోరాన్ వాటిలో పేరున్నది. మన దగ్గర పెద్ద టర్బో జనరేటర్లు బి.హెచ్.ఇ.ఎల్. హరిద్వార్‌లో, చిన్న, మధ్యతరహావి హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలో తయారవుతున్నాయి.

ఫోర్జింగ్ చుట్టుకొలతలో మూడింట రెండు వంతుల మేర పొడవునా గాళ్లు తొలుస్తారు. మిగతా వంతు ధ్రువ ముఖాలుగా ఉండిపోతుంది. గాళ్ల మధ్య మిగిలిన ఉక్కును దంతం అంటారు. గాడిలో కాయిల్ దిగాక పైన చీల బిగిస్తారు. ఇక్కడ మళ్లీ అదే ప్రశ్న: రాగిని పట్టుకున్నది చీల, చీలను పట్టుకున్నవి రెండు పక్కల దంతాలు, దంతాలను పట్టుకున్నది వాటి మొదలు. గాడి లోతుగా ఉంటే రాగి ఎక్కువ పడుతుంది, కానీ దంతం మొదలు సన్నబడుతుంది. రాగి, ఉక్కు ఒకే చోటు కోసం పోటీపడే ఈ బేరమే టర్బో రోటర్ డిజైన్‌లో సగం. చీలలను అల్యూమినియం మిశ్రమంతోనో, రాగి మిశ్రమంతోనో, అయస్కాంతానికి లొంగని ఉక్కుతోనో చేస్తారు.

రాగి శుద్ధ రాగి అయితే వేడిలో మెత్తబడుతుంది. 3000 చుట్ల వేగంలో అది చీలకు ఎంత గట్టిగా అదుముకుంటుందంటే, వేడెక్కినా రాపిడి వల్ల పొడవునా సాగలేదు, లోపలే నలుగుతుంది. యంత్రం ఆగి చల్లారితే మొదటి కంటే కురచ అవుతుంది. ఇలా పదేపదే జరిగి పాత రోటర్లలో చివరి చుట్లు వంకర్లు పోయేవి. ఇప్పుడు సుమారు 0.1 శాతం వెండి కలిపిన గట్టి రాగి వాడతారు. అంత కొద్దిపాటి వెండితోనే రాగి మెత్తబడే ఉష్ణోగ్రత బాగా పెరుగుతుంది.

రెండు ధ్రువాల రోటర్‌కు మరో చిక్కు ఉంది. గాళ్లు ఉన్న వైపు, లేని వైపు బిరుసుదనం ఒకటి కాదు. అడ్డంగా పడుకున్న రోటర్ తన బరువుకు కొద్దిగా వంగుతుంది. చుట్టులో రెండుసార్లు ఎక్కువ, రెండుసార్లు తక్కువ వంగితే సెకనుకు వంద సార్లు కంపనం వస్తుంది. బ్యాలెన్సింగ్ బరువులతో ఇది పోయేది కాదు. ధ్రువ ముఖాల మీద, పొడవునా కొంత దూరానికొకటి చొప్పున, అడ్డంగా నెలవంక ఆకారంలో కోతలు పెట్టి ఆ వైపు బిరుసుదనాన్ని కూడా తగ్గిస్తారు. అయస్కాంతానికి పనికొచ్చే మంచి ఉక్కును కంపనం కోసం కోసి పారేయడం ఈ యంత్రంలో ఎవరి మాట చెల్లుతుందో చెబుతుంది.

రిటెయినింగ్ రింగ్

గాడిలో ఉన్నంతవరకు రాగికి చీల కాపలా ఉంది. గాడి దాటి చివర మలుపు తిరిగే చోట ఉక్కు లేదు, చీల లేదు. అక్కడ కాయిళ్లన్నిటి మీదా కప్పుగా తొడిగిన గట్టి వలయమే రిటెయినింగ్ రింగ్. మొత్తం రోటర్‌లో అత్యధిక ఒత్తిడి భరించే భాగం ఇదే. కమ్మరి ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి తొడిగి, నీళ్లు పోసి బిగించినట్టే, దీన్ని సుమారు 300 డిగ్రీలకు వేడిచేసి రోటర్ బాడీ చివర ఎక్కించి చల్లారనిస్తారు. అతివేగ పరీక్షలో కూడా పట్టు వదలనంత బిగువు ఉండాలి.

ఈ వలయంలో కొత్తవాళ్లను ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. పల్చటి ఉక్కు వలయం తిరిగేటప్పుడు తన సొంత బరువు వల్ల దానిలో పుట్టే ఒత్తిడి మందం మీద ఆధారపడదు, ఉపరితల వేగం మీదే ఆధారపడుతుంది. సెకనుకు 180 మీటర్ల దగ్గర అది చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల పైమాటే. మందం పెంచితే బలం పెరిగినంతగా బరువూ పెరుగుతుంది, ఫలితం అదే. మందం సాయపడేది కింద ఉన్న రాగి భారాన్ని పంచుకోవడానికి మాత్రమే. కాబట్టి మిగిలిన దారి మరింత బలమైన ఉక్కు. అది అయస్కాంతానికి లొంగనిదై కూడా ఉండాలి, లేకపోతే అభివాహం పనికిరాని చోటికి దారి మళ్లుతుంది. అలాంటి ఉక్కును కాల్చి గట్టిపరచలేరు, చల్లగా ఉండగానే సాగదీసి గట్టిపరుస్తారు.

చాలాకాలం 18 శాతం మాంగనీసు, 5 శాతం క్రోమియం ఉన్న ఉక్కు వాడారు. బలానికి లోటు లేదు. కానీ తేమ తగిలితే ఒత్తిడిలో ఉన్న ఆ ఉక్కు సన్నగా పగుళ్లు తీస్తుంది. యంత్రం నడిచేటప్పుడు కాక, ఆపి తెరిచి పెట్టిన రోజుల్లో చేరిన తేమ కూడా ప్రమాదమే. విదేశాల్లో రింగులు పగిలిన ఘటనల తర్వాత 1980ల నుంచి 18 శాతం మాంగనీసు, 18 శాతం క్రోమియం ఉన్న ఉక్కు వచ్చింది. అది తేమను చాలావరకు తట్టుకుంటుంది. పాత యూనిట్లు ఉన్నచోట రింగు ఏ ఉక్కుదో తెలుసుకోవడం ఇప్పటికీ ముఖ్యం.

చల్లబరచడం

గాలిలో తిరిగే రోటర్ ఆ గాలిని చిలకడానికే చాలా శక్తి వృథా చేస్తుంది. హైడ్రోజన్ సాంద్రత గాలిలో పద్నాలుగో వంతు, ఉష్ణవాహకత ఏడు రెట్లు. 1937లో అమెరికాలోని డేటన్‌లో తొలి హైడ్రోజన్ శీతల టర్బో జనరేటర్ నడిచింది. హైడ్రోజన్ గాలితో 4 నుంచి 75 శాతం దాకా కలిస్తే పేలుతుంది కాబట్టి లోపల దాని శుద్ధతను 97 శాతానికి పైన ఉంచుతారు, షాఫ్ట్ చుట్టూ నూనె సీళ్లు బిగిస్తారు. రాగి కడ్డీల్లోనే మార్గాలు పెట్టి వాయువును నేరుగా వాటిగుండా పంపే పద్ధతి తర్వాత వచ్చింది. వ్యాసం పెంచకుండా శక్తిని పెంచిన ఘనత చాలావరకు దీనిదే.

రోటర్‌కు కరెంటు

సంప్రదాయ పద్ధతిలో షాఫ్ట్ మీద రెండు ఉక్కు స్లిప్ రింగులు, వాటిని తాకే కార్బన్ బ్రష్షులు ఉంటాయి. రింగుల మీద స్క్రూ మరలాంటి గాడి కోస్తారు. బ్రష్ కింద చిక్కుకునే గాలి దాని గుండా బయటికి పోతుంది, ధూళి పేరుకోదు. రింగు నుంచి షాఫ్ట్ నడిమధ్య రంధ్రంలోని కడ్డీల ద్వారా, రేడియల్ బోల్టుల ద్వారా కరెంటు కాయిల్‌కు చేరుతుంది.

బ్రష్‌లెస్ పద్ధతిలో అదే షాఫ్ట్ మీద ఎక్సైటర్ అనే చిన్న జనరేటర్ ఉంటుంది. దానిలో క్షేత్రం నిలిచి ఆర్మేచర్ తిరుగుతుంది. పెద్ద యంత్రంలో వదిలేసిన పాత ఏర్పాటు చిన్న యంత్రంలో మళ్లీ పనికొచ్చింది. తిరిగే ఆర్మేచర్‌లో పుట్టిన ఏ.సి.ని తిరిగే చక్రం మీదే ఉన్న డయోడ్లు డి.సి.గా మారుస్తాయి. డయోడ్లను చక్రం లోపలి ముఖాన అమరుస్తారు, అపకేంద్ర బలం వాటిని అల్యూమినియం హీట్ సింక్‌కు ఇంకా గట్టిగా అదుముతుంది. నయాగరా వలయంలోని ఉపాయమే ఇది.

బ్యాలెన్సింగ్, అతివేగ పరీక్ష

పొడవాటి టర్బో రోటర్ పూర్తి వేగానికి చేరేలోగా కంపనం ఉధృతమయ్యే ఒకటి, రెండు క్రిటికల్ వేగాలను దాటుతుంది. ఒక్కో వేగంలో అది ఒక్కో ఆకారంలో వంగుతుంది, కాబట్టి ఒకే వేగంలో బ్యాలెన్స్ చేస్తే చాలదు. వాక్యూమ్ ఉన్న కాంక్రీటు గదిలో తిప్పుతూ, ప్రతి క్రిటికల్ వేగం దగ్గరా కంపనం కొలిచి, చివర గాళ్లలో చిన్న బరువులు పెడతారు. తర్వాత మామూలు వేగానికి 120 శాతం వరకు తిప్పుతారు. బలం 1.44 రెట్లవుతుంది. కాయిళ్లు, చీలలు తమ స్థానాల్లో స్థిరపడేది అప్పుడే. అందుకే ఆ తర్వాత మళ్లీ ఒకసారి బ్యాలెన్స్ చూస్తారు.

కేంద్రంలో యూనిట్ ఆగాక కూడా రోటర్‌ను వెంటనే నిలపరు. బారింగ్ గేర్‌తో నెమ్మదిగా తిప్పుతూ ఉంచుతారు, లేకపోతే టర్బైన్ షాఫ్ట్ వేడికి వంగుతుంది. ఆ తక్కువ వేగంలో రాగి చీలకు అదుముకోదు. ప్రతి చుట్టుకూ గాడిలో కొద్దిగా పైకీ కిందికీ కదులుతుంది. రోజుల తరబడి అలా తిరిగితే రాపిడికి సన్నటి రాగి పొడి రాలి, చుట్టుకూ చుట్టుకూ మధ్య షార్ట్ కావచ్చు.

లోపాలు, తనిఖీలు

ఎయిర్ గ్యాప్‌లో అభివాహ సాంద్రత 1 టెస్లా ఉంటే ప్రతి చదరపు మీటరు మీదా 40 టన్నుల ఆకర్షణ ఉంటుంది. చుట్టూ సమానంగా ఉన్నంతకాలం అది తనను తానే రద్దు చేసుకుంటుంది. ఒక ధ్రువంలో కొన్ని చుట్లు షార్ట్ అయితే ఆ వైపు ఆకర్షణ తగ్గి, ఎదురు వైపుకు లాగుడు మొదలవుతుంది. బేరింగుల్లో కంపనం పెరుగుతుంది. రోటర్ వైండింగ్‌కు భూమితో ఒక చోట సంబంధం ఏర్పడితే అలారం మోగుతుంది. రెండో చోట కూడా ఏర్పడితే మధ్యలోని చుట్లలో కరెంటు ఉండదు, అందుకే అక్కడిదాకా రానివ్వకుండా యూనిట్‌ను ఆపాలి.

జల కేంద్రాల్లో ఓవర్‌హాలింగ్ సమయంలో జరిగే పోల్ డ్రాప్ టెస్ట్ చూడదగ్గది. ధ్రువాల మీద సుద్దముక్కతో వరుస నంబర్లు వేస్తారు. స్లిప్ రింగుల మధ్య మామూలు ఏ.సి. సరఫరా ఇస్తారు. ఒకరు మల్టీమీటర్ తీగలు పట్టుకుని ఒక్కో ధ్రువం రెండు చివరలా ఆనిస్తూ పోతే, ఇంకొకరు వోల్టేజి రాసుకుంటారు. అన్నీ బాగుంటే అంకెలు ఇంచుమించు ఒకేలా వస్తాయి. ఒక దగ్గర హఠాత్తుగా తగ్గిందంటే ఆ కాయిల్‌లో చుట్లు కలిసిపోయాయన్నమాట. దాని ఇరుగుపొరుగు ధ్రువాల్లోనూ కొద్దిగా తగ్గుతుంది, ఎందుకంటే వాటి అభివాహం దీని గుండా కూడా పోతుంది. డి.సి.తో కొలిస్తే ఒకటి రెండు చుట్ల తేడా దాదాపు కనిపించదు. ఏ.సి. ఇస్తే షార్ట్ అయిన చుట్టులో ఎదురు కరెంటు పుట్టి లోపం బయటపడుతుంది.

థర్మల్ కేంద్రంలో టర్బో రోటర్‌ను చూడాలంటే స్టేటర్ లోంచి బయటికి లాగాలి. దీన్ని త్రెడింగ్ అవుట్ అంటారు. స్టేటర్ అడుగున రక్షణ రేకు పరిచి, ఒక చివర క్రేన్‌కు, ఒక చివర జారే దిమ్మకు ఎత్తిపెట్టి, పదుల టన్నుల రోటర్‌ను అంగుళాల లెక్కన జరుపుతారు. బరువు ఏ క్షణంలోనూ రిటెయినింగ్ రింగ్ మీద ఆననివ్వకూడదన్నది ఇక్కడ మొదటి నియమం. బయటికి వచ్చాక రింగును అల్ట్రాసోనిక్‌తో, డై పెనట్రెంట్‌తో పగుళ్ల కోసం వెతుకుతారు. చీలల చివరలు, దంతాల పైభాగం నల్లబడ్డాయేమో చూస్తారు. మూడు ఫేజుల్లో లోడు సమానంగా లేకపోతే రోటర్ చర్మం మీద 100 హెర్ట్జ్ కరెంట్లు పరుగెత్తి కాల్చిన గుర్తులవి. లోడు అసమానత వల్ల స్టేటర్‌లో పుట్టే ఈ నెగటివ్ సీక్వెన్స్ కరెంటును పెద్ద టర్బో యంత్రాలు నిరంతరంగా రేటెడ్ కరెంటులో 5 నుంచి 8 శాతానికి మించి భరించలేవు.

ఇతర రూపాలు

చిన్న యంత్రాల్లో, గాలిమరల్లో రాగి కాయిల్ బదులు నియోడిమియం శాశ్వత అయస్కాంతాలు వాడుతున్నారు. ఇవి పెళుసు, లాగుడు బలాన్ని తట్టుకోలేవు. అందుకని వేగం ఎక్కువైన చోట వాటి చుట్టూ కార్బన్ ఫైబర్ పట్టీ బిగిస్తారు, లేదా రేకుల లోపల పొదుగుతారు. నెమ్మదిగా తిరిగే కొన్ని గాలిమరల్లో అయస్కాంతాలను బయటి వలయం లోపలి ముఖాన అంటిస్తారు.

వేగం మార్చగల పంప్డ్ స్టోరేజ్ యంత్రాల్లో రోటర్‌కు డి.సి. కాక తక్కువ ఫ్రీక్వెన్సీ మూడు ఫేజుల ఏ.సి. ఇస్తారు. జపాన్‌లోని ఒకావాచిలో 1990లలో 400 మెగావాట్ల యంత్రాలతో ఇది పెద్ద స్థాయికి చేరింది. మన దేశంలో ఉత్తరాఖండ్‌లోని టెహ్రీలో 250 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఈ రకంవే. ఇక్కడ రోటర్‌లో అభివాహం మారుతూ ఉంటుంది కాబట్టి దాన్ని పూర్తిగా రేకులతో పేర్చాలి. పొడుచుకొచ్చిన ధ్రువాలు ఉండవు. చుట్టూ గాళ్లు, వాటిలో స్టేటర్‌లో ఉన్నలాంటి మూడు ఫేజుల వైండింగ్ ఉంటాయి. అంత పెద్ద వ్యాసంలో, వేల వోల్టుల ఇన్సులేషన్‌తో ఉన్న వైండింగ్ చివరలను అపకేంద్ర బలం నుంచి కాపాడటానికి కొన్ని కంపెనీలు గట్టి పట్టీ చుడతాయి, కొన్ని ప్రతి కడ్డీనీ యు ఆకారపు ఉక్కు బోల్టులతో లోపలి వలయానికి కట్టేస్తాయి.